ఊర్లె పెద్దోళ్లకు, బడి మానేసిన పోరగాళ్లకు చదువు నేర్పాలంటె ఎట్ల మొదలువెట్టాలె

మా ఊర్లె రాత్రి బడి పెడదామనుకుంటున్నం, పుస్తకాలు ఏడ దొరుకుతయి అని అడిగేటోళ్లు ఈ మధ్య బాగనే అయిండ్రు. డిగ్రీ చదివే పిల్లలు, ఆడోళ్ల పొదుపు సంఘాల పని చూసే వివోఏ అక్కలు, రిటైరైన సార్లు. మస్తు సంతోషం. కని పుస్తకాలు ఆఖరికి ఆలోచించాల్సిన ముచ్చట. ఎవరికి నేర్పుతున్నం, వాళ్లకు రేపు పొద్దుగాల ఏం చదవాల్సిన అవసరం పడుతది, ముందుగాల అది తెలుసుకుంటె సగం పని అయిపోయినట్టే. అ ఆ ఇ ఈ కాడికెళ్లి మొదలువెట్టిన క్లాసులు మా దిక్కు శానా చూసిన, నెల తిరగకముందే చాపలు మడతవెట్టిండ్రు. పట్టా పాసుబుక్కు, బస్సు బోర్డు, సంఘం తీర్మానం బుక్కు పట్టుకొని మొదలువెట్టినయి మాత్రం నిలబడ్డయి. అందుకె ఇక్కడ రాసేదంత ఆ పద్ధతిల ఎట్ల నడపాలె అన్నదాని గురించే.

జర లెక్కలు గూడ ఎరుకుండాలె. 2011 జనాభా లెక్కల్ల పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంల అన్ని జిల్లాలకంటె తక్కువ. నల్లగొండ 64.20. పాలమూరుల, అంటె ఆ మహబూబ్‌నగర్ జిల్లలనే, ఆడోళ్లను ఒక్కటే తీసుకుంటె సగం కంటె ఎక్కువమందికి చదువు రాదు. కొత్త జిల్లాలు అయినంక అదే లెక్కను విడదీసి చూస్తె జోగుళాంబ గద్వాల 49.87 తోటి తెలంగాణ రాష్ట్రంల అన్నిటికంటె కింద ఉన్నది. ఇంకో సంగతేందంటె, ఈ శాతాలల్ల ఏడేండ్లు దాటిన పిల్లలందరు గూడ ఉన్నరు, బడికి పోయే పిల్లలను తీసేసి నలభై యాభై ఏండ్లోళ్లనే లెక్కగడితె పరిస్థితి ఇంకెంత ఖరాబుగ ఉంటదో మీరే సోంచాయించుండ్రి. ఇది ఎవరి తెలివి తక్కువై వచ్చింది కాదు, నిజాం కాలంల సర్కారు చదువు ఉర్దూల ఉండె, తర్వాత కరువు, వలస, అమ్మానాయిన బొంబాయికో పూణెకో సుతారి పనికి పోతె పెద్దపిల్ల బడి మాని చిన్నోళ్లను సాదుకుంట ఇంటికాడ ఉండె, ఆ పెద్దపిల్లనే ఇయ్యాల మీ క్లాసుకు వచ్చే అత్తమ్మ.

ముందు ఇంటింటికి తిరుగుండ్రి

క్లాసు పెడుతున్నమని మైకుల చెప్పిస్తె ఎవ్వరు రారు. చదువు రాదని నలుగుట్ల ఒప్పుకునుడు ఎవరికైనా శరమే, అందుకె పొద్దుమీకి ఇంటికి పోయి కూసోని మాట్లాడాలె. చదువు వచ్చా రాదా అని అడగొద్దు. "చిన్నమ్మా, బ్యాంకుకు పోతె ఫారం ఎవరు రాస్తరు?", "మామా, పురుగుమందు డబ్బ మీద ఏమున్నదో ఎవరు చెప్తరు?", ఇట్ల అడుగుండ్రి. వాళ్లే చెప్తరు ఏడ ఇబ్బంది పడుతున్నరో. ఒకామెకు బస్సు బోర్డు కావాలె, ఆధార్ చూపిస్తె ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినకాన్నుంచి దవాఖానకు, బిడ్డ ఇంటికి ఒక్కతే పోతున్నది గని బస్టాండ్ల ఏ బస్సో అడుగుకుంట తిరగాలె. ఇంకొకామె సంఘం లీడరు, సంఘానికి బ్యాంకు ఇచ్చే లచ్చల రూపాయల అప్పు (లింకేజీ) తీర్మానం మీద ఏలిముద్ర ఏస్తది, అండ్ల ఏం రాసిందో తెల్వది, ఆ బుగులు ఎప్పటికి ఉంటది. ఒకాయనకు దుబాయిల ఉన్న కొడుకు పంపే మెసేజ్ చదవాలె. ఇవన్ని ఒక నోటుబుక్కుల పేరు పక్కన రాసుకోండ్రి. మీ సిలబస్సు అదే.

ఒక మనిషి పదిమంది కంటె ఎక్కువమందికి నేర్పలేడు, ఇది గట్టిగ చెప్తున్న. ఇరవైమంది వస్తె ఇద్దరు నేర్పేటోళ్లు కావాలె. ఊర్లె ఇంటర్ చదివే ఆడపిల్లలు అందరికంటె బాగ నేర్పుతరు, వాళ్లకు ఓపిక ఉంటది, పెద్దోళ్లు గూడ వాళ్లను అడగడానికి ఎనకాడరు. సార్ల ముందల కూసుంటె పెద్దోళ్లు చిన్నపిల్లల లెక్క ముడుచుకపోతరు.

జాగ గురించి ఒక మాట. గుడి అరుగు వద్దు, పెద్ద పటేల్ ఇంటి వాకిలి అంతకన్న వద్దు. ఆడికి కొంతమంది రారు, ఎందుకు రారో మన ఊర్లె అందరికి తెలుసు, పైకి చెప్పరు గంతే. ప్రైమరీ బడి, అంగన్‌వాడీ, గ్రామ సమాఖ్య బిల్డింగు, ఇట్లాంటి అందరిది అనిపించే జాగ చూడుండ్రి. లేకుంటె ఎక్కువమంది ఏ కాలనీల ఉన్నరో ఆడనే పెట్టుండ్రి, మిగిలినోళ్లే ఆడికి వస్తరు. తండాలల్ల అయితె తండా పిల్లనో పిలగానినో పట్టుకోవాలె, దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు తండాలల్ల పెద్దోళ్లు అంగడిల తెలుగు మంచిగనే మాట్లాడుతరు గని ఇంట్ల లంబాడీ భాషనే, వాళ్ల భాషల అర్థం చెప్పే మనిషి పక్కన ఉంటె రెండింతల తొందరగ పడుతది.

టైము అంటె ఆడోళ్లకు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర, వంట అయినంక. వారానికి నాలుగు రోజులు చాలు. వానాకాలం నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు సగం మంది రారు, అది తప్పు కాదు, పొద్దంత వంగి కైకిలి చేసిన మనిషి రాత్రి కూసుంటె కునికిపాట్లే. ఆ నెలలల్ల క్లాసు బంద్ పెట్టకుండ వారానికి ఒక్కరోజు చేయుండ్రి, అదీ చదివింది మళ్ల చదువుడే, కొత్తది వద్దు. పూర్తిగ ఆపితె మాత్రం మళ్ల కూడగట్టుడు మస్తు కష్టం.

కండ్లు చూపియ్యకుంట పలక పట్టియ్యొద్దు

ఇది ఎవ్వరు చెప్పరు గని నాకు అన్నిటికంటె ముఖ్యమనిపిస్తది. నలభై దాటినంక దగ్గరిచూపు మసకబారుతది. దూరంల మేక ఏడ మేస్తుందో కనవడుతది గని చేతిల అక్షరం కనవడది. ఆ మనిషి "నాకు తలకెక్కుతలేదు బిడ్డా, ఈ వయసుల నాకెందుకు" అని లేసిపోతది, అసలు సంగతి ఆమెకు అక్షరమే కనవడుతలేదు. ఎవరన్న పుస్తకాన్ని దూరం జరిపి చూస్తున్నా, కండ్లు చిట్లిస్తున్నా, వెంటనే అద్దాల సంగతి చూడాలె. 2018 ఆగస్టు 15న మొదలైన సర్కారు కండ్ల పరీక్షల కార్యక్రమం కంటి వెలుగుల, మళ్ల 2023 జనవరిల రెండోసారి పెట్టినప్పుడు శానామందికి దగ్గరిచూపు అద్దాలు ఇచ్చిండ్రు, అవి బీరువల్నో ట్రంకు పెట్టెల్నో భద్రంగ దాచిపెట్టి ఉంటరు, తీయించుండ్రి. లేనోళ్లను సర్కారు దవాఖానల కండ్ల పరీక్షకు తోలుకపోండ్రి. షుగరున్నోళ్లు తప్పకుండ డాక్టరుకు చూపియ్యాలె, అది ఉత్త అద్దాలతోటి పోయేది కాదు.

బోర్డు మీద అక్షరం అరచేయంత ఉండాలె. ప్రింటు కాగితాలైతె పెద్దక్షరాలల్ల తీయించుండ్రి. ఒక్క చిన్న బల్బు కింద పదిమందిని కూసోవెడితె చిన్నోళ్లకు గూడ కనవడది, రెండు ట్యూబులైట్లు ఉండేటట్టు చూసుకోండ్రి.

మొదటి రోజు పేరే

మొదటిరోజు వాళ్ల పేరు వాళ్లు రాసుకోని ఇంటికి పోవాలె. దీంట్ల ఒక చిక్కున్నది. మన దిక్కు ఆడోళ్ల పేర్లు చూడుండ్రి, ఎల్లమ్మ, సత్తెమ్మ, నర్సమ్మ, బుచ్చమ్మ, లక్ష్మమ్మ. మొగోళ్లవి మల్లయ్య, అంజయ్య, లింగయ్య. వాచకాలల్ల ఒత్తులు ఆఖరి పాఠాలల్ల వస్తయి. మన మనుషుల పేర్లల్ల ఒత్తు లేని పేరు దొరుకుడే కష్టం. అందుకె మొదటిరోజే "మ్మ" ను ఒక బొమ్మ లెక్క నేర్పుండ్రి. ఇది మ, దీని కింద ఇది, రెండు కలిస్తె "మ్మ", మీ అందరి పేర్లు దీంతోనే ఒడుస్తయి అని చెప్పి బోర్డు మీద ఐదు పేర్లు ఒకదాని కింద ఒకటి రాయుండ్రి, చివర ఉన్న "మ్మ" లన్ని ఒకే వరుసల వచ్చేటట్టు. వాళ్లే కనిపెడుతరు, "అరే నా పేర్లది ఆమె పేర్ల గూడ ఉన్నది" అని. ఆ మాట వాళ్ల నోట్లకెళ్లి రావాలె, మీరు చెప్పొద్దు. "లక్ష్మమ్మ" మాత్రం కష్టం, "క్ష్మ" దగ్గర చెయ్యి ఆగిపోతది, ఆమెకు మీరు చుక్కలువెట్టి ఇయ్యుండ్రి, చుక్కల మీద దిద్దితె చాలు, నెల తర్వాత అదే వస్తది.

చెయ్యి తిరుగుతలేదు అంటరు శానామంది. వాకిట్ల ముగ్గేసే చెయ్యి అది, ఎన్ని మెలికలు తిప్పుతదో చూడుండ్రి. పెన్సిలు గట్టిగ ఒత్తి పట్టుకునుడు అలవాటు లేక వణుకుతది అంతే. మొదటి వారం ముగ్గు పిండితోటి నేల మీద, తర్వాత సుద్దముక్క తోటి బండ మీద, ఆ తర్వాత పలక, అటెన్క డబుల్ రూల్ నోటుబుక్కు. ఈ వరుసల పోతె బెదరరు.

ఇంకొకటి గట్టిగ యాదికుంచుకోండ్రి, సంతకం వచ్చింది గదా అయిపోయింది అనుకోవద్దు. వెనుకట అక్షరాస్యత ఉద్యమాలు నడిచినప్పుడు ఊర్లకూర్లె సంతకం నేర్చుకోని ఆగిపోయినోళ్లు లచ్చలమంది ఉన్నరు. సంతకం పెట్టస్తది గని సంతకం పెట్టేదాంట్ల ఏమున్నదో చదవరాదు, అది ఏలిముద్ర కంటె ప్రమాదం. ఎందుకంటె చదివి పెట్టిన లెక్కయితది రేపు కచేరిల.

అక్షరాలు ఏ వరుసల

వర్ణమాల వరుస పక్కకు పెట్టుండ్రి. ఋ, ౠ, ఙ, ఞ, ఱ ఇప్పుడెందుకు. వాళ్లు రోజు వాడే చిన్న పదం తీసుకోని దాన్ని విడగొట్టుండ్రి. "పలక" అని రాసి చదివించి, ప, ల, క అని మూడు కాగితం ముక్కలు చేసి చేతికిస్తె కల, కలప, పలక అని వాళ్లే జోడించుకుంటరు. తర్వాత "వరి", "పని", "కూలి", "బడి", వీటిల్ల గుడి, కొమ్ముదీర్ఘం వచ్చేస్తయి, గుణింతం మొత్తం బట్టీ పట్టియ్యాల్సిన పని లేదు. ఆ తర్వాత "చెరువు", "బోరు", "మోటరు". అటెన్క "పత్తి", "బత్తాయి", ఇండ్ల "త్త" ఒత్తు. ఒక్కో పదానికి రెండు మూడు కొత్త అక్షరాల కంటె ఎక్కువ రాకుండ చూసుకోండ్రి.

ఒకే తీరుగ కనవడే అక్షరాలు ఒక్కరోజు నేర్పొద్దు. ప, వ, మ ఈ మూడు కలిపి చెప్పిండ్రా, మూడూ పోతయి. ద నేర్పి రెండు వారాలైనంక ధ. న, స గూడ అంతే. ఖ, ఘ, ఛ, ఝ లాంటియి ఎదురువడ్డప్పుడు చెప్తె చాలు, "ఘ" గురించి వారం ఖర్చు చేసుడు దండగ, అదే వారంల నాలుగు బస్సు బోర్డులు చదువుతరు.

బస్సు బోర్డుల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న, అవి చదువుడు నేర్పుడు శానా సులువు. దేవరకొండ, నల్లగొండ, ఇవి రెండు రాసి చివర "కొండ" కింద గీత కొట్టుండ్రి. మిర్యాలగూడ, జడ్చర్ల, అచ్చంపేట, నారాయణపేట, వనపర్తి, కల్వకుర్తి, పేట అన్నవి ఒక దిక్కు, ర్తి అన్నవి ఒక దిక్కు పెట్టిస్తె మొదటి అక్షరం, చివరి ముక్క చూసి గుర్తువడుతరు. పూర్తి అక్షరాలు రాకముందే బస్సు పట్టుకోగలుగుతరు. ఆదివారంనాడు నలుగురిని తోలుకోని బస్టాండ్‌కు పోండ్రి, అరగంట నిలవడి వచ్చే బస్సులన్ని చదివియ్యుండ్రి, ఆ అరగంట పది క్లాసులతోటి సమానం.

వాళ్లు చెప్పింది రాసి వాళ్లకే చదివియ్యాలె

రెండు మూడు నెలలకు ఒక కాడ బండి ఆగుతది. అక్షరాలన్ని వస్తయి, "ప...త్తి...ఏ...రి...న" అని విడివిడిగ చదువుతరు, ఆఖరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతరు. ఇక్కడ్నే ఎక్కువమంది మానేస్తరు, నేర్పేటోళ్లు గూడ ఇసుగువడుతరు. దీనికి మందు కొత్త పాఠం కాదు. పొద్దున్నుంచి ఏం చేసినవు చిన్నమ్మా అని అడిగి ఆమె చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాయుండ్రి.

"పొద్దుగాల పత్తి ఏరవోయిన. ముప్పై కిలోలు ఏరిన. కిలోకు పది రూపాలు ఇచ్చిండ్రు. మూడు వందలు అచ్చినయి."

ఇగ చదువుమంటె ఆమె చదువుతది, ఎందుకంటె తర్వాత ఏమొస్తదో ఆమెకు ముందే తెలుసు, కన్ను మాట ఎనుక ఉరుకుతది. నాలుగు రోజులు అవే నాలుగు లైన్లు. ఆమెది మిగిలినోళ్లు చదువుతరు, రేపు వేరేటామెది. ఇక్కడ ఒక్కటి చేయొద్దు, "ఏరవోయిన" ను కొట్టేసి "ఏరడానికి వెళ్ళాను" అని దిద్దొద్దు. ఆమె నోట్లె లేని మాట కాగితం మీద వస్తె ఆమెకు అది చదువు కాదు, ఇంకో భయం. పేపరు భాష తర్వాత తన్నుకుంట వస్తది. ఆ కాగితాలన్ని ఒక ఫైలుల దారం ఏసి కుట్టుండ్రి, ఆ క్లాసుకు అదే వాచకం, వేరే ఊరోళ్లు రాసిన వాచకం కంటె ఇది పది రెట్లు నయం.

స్మార్ట్ ఫోన్ ఉన్న క్లాసుల ఇంకో పని చేయొచ్చు. కీబోర్డుల తెలుగు పెట్టి మైకు నొక్కి మాట్లాడితె అక్షరాలు పడుతయి, తన మాట తన ముందల అక్షరమై కనవడితె దాన్ని చదివియ్యుండ్రి. అప్పుడప్పుడు తప్పు పడుతది, ఆ తప్పు కనిపెట్టుడు గూడ మంచి అభ్యాసమే.

లెక్కలు వాళ్లకు వస్తయి, రాసుడే రాదు

ఇది మాత్రం నేర్పేటోళ్లు బుర్రల పెట్టుకోవాలె. నూటికి రెండు రూపాల మిత్తికి యాభైవేలు తెస్తె నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండువేలు అని ఏ అవ్వనడిగినా టక్కున చెప్తది. కని అదే "ఏడాదికి 24 శాతం" అని కాగితం మీద రాస్తె అది ఇదీ ఒక్కటే అని తెల్వది. సంఘం లోను శాతం లెక్కల ఉంటది, బయట అప్పు నూటికి రూపాల లెక్కల ఉంటది, రెండిట్ల ఏది అగ్గువో పోల్చుకునుడు రావాలె. ఒక క్లాసు మొత్తం దీనికే పెట్టుండ్రి, నూటికి ఒకటి అంటె 12 శాతం, రెండు అంటె 24, మూడు అంటె 36. మైక్రోఫైనాన్సోళ్లు వారం వారం కిస్తీ చెప్తరు, ఎన్ని వారాలు కట్టాలె, మొత్తం ఎంతయితది అని రాసి కూడియ్యుండ్రి, చూసి వాళ్లే నోట్ల ఏలు పెట్టుకుంటరు.

పట్టా పాసుబుక్కు ఇంకా మంచి పాఠం. అండ్ల విస్తీర్ణం 2.15 అని ఉంటది. అంటె రెండెకరాల పదిహేను గుంటలు. చదువుకున్న పోరలు గూడ దీన్ని రెండు పాయింట్ ఒకటి ఐదు లెక్క చూసి తప్పులు చేస్తరు. ఒక సర్వే నంబర్ల 2.15, ఇంకొకదాంట్ల 1.30 ఉంటె మొత్తం ఎంత? కాలిక్యులేటర్ల కొడితె 3.45 అని వస్తది, అది తప్పు. పదిహేను, ముప్పై కలిస్తె నలభై ఐదు గుంటలు, నలభై గుంటలకు ఎకరం, కాబట్టి నాలుగెకరాల ఐదు గుంటలు, రాసేది 4.05. క్లాసుల ఒక పెద్దాయన ఉంటె ఆయనతోటి చెప్పియ్యుండ్రి, నోటిలెక్కతోటి మీకంటె ముందే చెప్తడు, అప్పుడు ఆయన చెప్పింది ఎట్ల రాయాలో మీరు చూపియ్యుండ్రి. ఎవరి పాసుబుక్కు వాళ్లు తెచ్చుకోని సర్వే నంబరు, విస్తీర్ణం, తండ్రి పేరు సరిగ పడ్డయా అని చూసుకునే రోజు ఒకటి పెట్టుండ్రి, తప్పు పడ్డోళ్లు ఆరోజే దొరుకుతరు, వెంటనే ఎమ్మార్వో ఆఫీసుల దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పురుగుమందు డబ్బ గూడ తప్పనిసరి. డబ్బ మీద మూల మీద నిలవెట్టిన చదరం ఉంటది, దాని కింది సగం రంగు చూడాలె. ఎరుపు అన్నిటికంటె ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ, తక్కువ అంటె విషం కాదని కాదు. ఇది అక్షరం రానోళ్లు గూడ మొదటి వారంల నేర్చుకోవచ్చు. తర్వాత మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ, ఎకరానికి ఎంత కలపాలె అన్న లైను వెతికియ్యుండ్రి. ఎరువు బస్తా మీద 45 కిలోలు అని ఉంటె యూరియా, ఎమ్మార్పీ ఏడ రాసి ఉంటదో ఏలు పెట్టి చూపియ్యాలె.

వలస పోయేటోళ్లు

పాలమూరు దిక్కు దసరా, దీపావళి అయినంక సగం వాడ ఖాళీ అయితది, వానలకు మళ్ల వస్తరు. వీళ్లను పోతె పోయిండ్రని ఇడిసిపెట్టొద్దు. పోయే ముందల నెలరోజులు వీళ్లకు ఒక్కటే నేర్పుండ్రి, జేబుల పట్టే చిన్న నోటుబుక్కుల నాలుగు గీతలు కొట్టి, తేదీ, పని, కూలి, అందింది, అని నాలుగు గడులు. రోజు రాత్రి ఒక్క లైను. గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీస్కున్నోళ్లు ఎంత తీస్కున్నరో మొదటి పేజీల రాసుకోవాలె, మేస్త్రి సంతకం పెట్టిచ్చుకుంటె ఇంకా మంచిది. లెక్క ఒక్క మేస్త్రి బుక్కుల ఉంటె ఎవరు గెలుస్తరో చెప్పాల్సిన పని లేదు, ఇద్దరి దగ్గర ఉంటె కూసోని మాట్లాడుకోవచ్చు. వారానికొకసారి ఆ పేజీ ఫొటో తీసి క్లాసు వాట్సప్ గ్రూపుల పెట్టమనుండ్రి, మీరు పెద్దక్షరాలల్ల రెండు లైన్లు తిరిగి రాసి పంపుండ్రి. వానలకు తిరిగొచ్చేసరికి చదువు మాసిపోకుండ ఉంటది.

బడి మానేసిన పోరగాళ్లు, ఆడపిల్లలు

పదహారు నుంచి పాతికేండ్లోళ్లను పెద్దోళ్లతోటి ఒక్క చాప మీద కూసోవెట్టొద్దు, రారు. వాళ్ల కష్టం వేరు. శానామంది ఫోన్ల ఇంగ్లిషు అక్షరాలతోటి తెలుగు టైపు చేస్తరు, సినిమా పేర్లన్ని చదువుతరు, తెలుగు పేరా ఒక్కటి ఇస్తె మాత్రం ఆగుకుంట ఆగుకుంట పోతరు. పదో తరగతిల ఫెయిలై మానేసినోళ్లు, ఎనిమిదిల మానేసి పత్తి చేన్లకు, ట్రాక్టర్ మీదికి పోయినోళ్లు, చిన్న వయసుల పెండ్లి చేస్తె అత్తగారింటికి వచ్చిన పిల్లలు. వీళ్లకు "అక్షరాస్యత" అంటె ఇజ్జత్ పోయినట్టు అనిపిస్తది, "పదో తరగతి కడుదాం పా" అంటె లేసొస్తరు.

దానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నది. 14 ఏండ్లు నిండితె చాలు, ఇంతకుముందు ఏ తరగతి చదివిండ్రు అన్నది లేకుంట నేరుగ పదో తరగతికి చేరొచ్చు, పది పాసైతె ఇంటర్‌కు. స్టడీ సెంటర్లు ఎక్కువగ సర్కారు హైస్కూళ్లల్ల, కాలేజీలల్ల ఉంటయి, సెలవు రోజులల్ల క్లాసులు చెప్తరు. మండలంల ఏ బడిల ఉన్నదో హెడ్మాస్టర్‌నో ఎంఈవో ఆఫీసుల్నో అడుగుండ్రి. అడ్మిషన్ల తేదీలు దాటిపోతె ఏడాది పోతది కాబట్టి ఎండకాలం సెలవులు అయిపోయేటప్పటి నుంచే కనుక్కుంట ఉండాలె. నడిమిట్ల "మేం పాస్ చేపిస్తం, గింత ఇయ్యి" అని తిరిగేటోళ్లు ఉంటరు, వాళ్లకు పైసలియ్యొద్దు, ఫీజు ఎంతున్నదో అంతనే ఆన్‌లైన్ల కట్టి రసీదు దాచుకోండ్రి. ఇంటర్ అయినంక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నది, 1982ల పెట్టిండ్రు, నల్లగొండల ఎన్జీ కాలేజీల, పాలమూరుల ఎంవీఎస్ కాలేజీల సెంటర్లున్నయి. ఇంట్ల పని చేసుకుంటనే, పిల్లలను సాదుకుంటనే డిగ్రీ అయిన కోడండ్లు మన ఊర్లల్ల ఉన్నరు, అట్లాంటి ఒకామెను తోలుకొచ్చి మాట్లాడిస్తె మీరు చెప్పే వంద మాటలకంటె ఎక్కువ పనిచేస్తది.

కోడలు రావాలంటె అత్తకు చెప్పాలె. "అత్తా, నువ్వు గూడ రా, ఇద్దరు కలిసి రాండ్రి" అంటె ఇద్దరొస్తరు. మొగుడు అడ్డమొస్తె ఆయన దోస్తుతోటి చెప్పిస్తె మంచిది, మీరు పోయి లొల్లి పెట్టుకుంటె ఆ పిల్లకే తిప్పలు.

సర్కారు దిక్కు నుంచి ఏముంటది

కేంద్రం 2022 నుంచి 2027 దాకా పదిహేనేండ్లు దాటినోళ్ల కోసం పెట్టిన కొత్త అక్షరాస్యత కార్యక్రమం ఉల్లాస్. నేర్పేటోళ్లు వలంటీర్లే, జీతం ఉండది. యాప్‌ల నేర్చుకునేటోళ్ల పేరు, నేర్పేటోళ్ల పేరు ఎక్కియ్యాలె, మండలంల విద్యాశాఖోళ్లు చూస్తరు. ఆఖరికి ఒక పరీక్ష ఉంటది, చదువుడుకు 50, రాసుడుకు 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు, పాసైతె సర్టిఫికెట్ ఇస్తరు. పరీక్ష అనంగనే పెద్దోళ్లు బెదురుతరు, అందుకె పదిహేను రోజుల ముందల నుంచి పాత ప్రశ్నల తీరుగ కాగితాలు తయారుచేసి రాపియ్యుండ్రి, పేరు, ఊరు, తేదీ నింపే గడులు ముందు ప్రాక్టీస్ కావాలె, తెలిసినా ఆడనే తడబడుతరు. సర్టిఫికెట్ మంచిదే గని దానికోసమే క్లాసు నడపొద్దు, పరీక్ష అయిన తెల్లారి చాప ఎత్తేస్తె ఏడాదిల అంత మర్చిపోతరు.

చదివింది నిలవాలంటె చదవనీకె ఏమన్న ఉండాలె. ఈ నేల మీద ఆ పని వెనుకటికే జరిగింది. నిజాం కాలంల నల్లగొండ కాన్నుంచి 1922ల నీలగిరి పత్రిక వచ్చింది, పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926ల హైదరాబాద్‌ల గోలకొండ పత్రిక మొదలువెట్టిండు, ఊర్లల్ల గ్రంథాలయాలు పెడితె ఒకరు పేపరు పైకి చదువుతుంటె మిగిలినోళ్లు చుట్టు కూసోని ఇనేది. అదే ఇప్పుడు చేయుండ్రి, పంచాయతీకి వచ్చే పేపరు రాత్రికి క్లాసుకు తెప్పియ్యుండ్రి. జిల్లా పేజీల మన మండలం వార్త ఉంటె ముందు మీరు చదువుండ్రి, తర్వాత హెడ్డింగు ఒకరితోటి, మొదటి నాలుగు లైన్లు ఇంకొకరితోటి. మార్కెట్ యార్డుల పత్తి, వడ్లు, పల్లి రేట్లు వచ్చే గడి రోజు ఒకరు చదవాలె, దానికి వంతులు పెట్టుండ్రి, అందరు చెవులు రిక్కిచ్చి ఇంటరు. కథలు కావాలంటె స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ల తెలుగు బొమ్మల కథలు ఫ్రీగ దొరుకుతయి, మొదటి మెట్టు, రెండో మెట్టు అని ఉంటయి, ప్రింటు తీసి ఇస్తె రాత్రి మనుమడికి చదివి చెప్తరు. మనుమడు తప్పు పట్టుకుంటడు అని కొందరు సిగ్గువడుతరు, అట్లాంటోళ్లకు ఒకరోజు ముందు క్లాసుల రెండుసార్లు చదివిచ్చి పంపుండ్రి.

హాజరు బుక్కు మీరు రాయొద్దు. మూడో నెల నుంచి వాళ్లతోటే, వంతుల ప్రకారం, తేదీ ఏసి అందరి పేర్లు రాపియ్యుండ్రి. రానోళ్ల పేరు గూడ ఆ రోజు వంతు వచ్చినామెనే చూసుకుంటది, రెండు రోజులు రాకపోతె ఆమెనే ఆళ్ల ఇంటికి పోయి అడుగుతది, మీరు పోయి అడిగినదానికంటె అది బాగ పనిచేస్తది.